అప్‌గ్రేడ్ చేశాక కంప్యూటర్ ఆన్ కావట్లేదా? బోర్డు పోయింది అనుకునే ముందు ఇది వినండి

ఈరోజు టాపిక్ మీలో చాలామంది మెసేజ్ పెట్టి అడుగుతున్నదే. "అన్నా, కొత్త ర్యామ్ వేశాను, కంప్యూటర్ ఆన్ కావట్లేదు." "బ్రో, ప్రాసెసర్ మార్చాను, ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ డిస్‌ప్లే రావట్లేదు." ఇలా మొదలవుతాయి. చివరి లైన్ మాత్రం దాదాపు అందరిదీ ఒకటే. "బోర్డు పోయినట్టేనా?"

దానికి సమాధానం చెప్తాను. కానీ ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఎందుకంటే ఈరోజు చెప్పబోయేదంతా ఆ తప్పు వల్ల నేర్చుకున్నదే.

మా బాబాయికి తెనాలిలో చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, విజిటింగ్ కార్డులు, బిల్లు బుక్కులు, ఫ్లెక్సీ డిజైన్లు, అన్నీ చేస్తాడు. షాపు మొత్తానికి ఒకటే కంప్యూటర్. అది 2018 చివర్లో, నేను బీటెక్‌లో ఉన్నప్పుడు, నేనే పార్టులు తెచ్చి అసెంబుల్ చేసిచ్చాను. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, ఒక చిన్న గ్రాఫిక్స్ కార్డు. కొన్నేళ్లు బాగానే నడిచింది. తర్వాత తర్వాత పెద్ద ఫ్లెక్సీ ఫైల్ ఓపెన్ చేస్తే, ఎదురుగా టీ కొట్టుకి వెళ్లొచ్చినా ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. "దీనికేమన్నా చెయ్యరా నాన్నా" అన్నాడు.

నేను రైజెన్ 5 5600 ప్రాసెసర్, 8 జీబీవి రెండు ర్యామ్ స్టిక్కులు కొన్నాను. రెండు ప్రాసెసర్లదీ ఏఎమ్4 సాకెట్టే కాబట్టి బోర్డు మార్చక్కర్లేదు. సరే, ఎప్పుడు వెళ్లాను? ఆషాఢం చివరి వారం. డీటీపీ షాపు వాళ్లకి ఆ వారం అంటే ఏంటో మీకు తెలుసు కదా. శ్రావణంలో ముహూర్తాలు, కార్డులన్నీ ఆ వారమే కొట్టాలి. సోమవారం పొద్దున్నే మూడు పెళ్లి కార్డుల ఫైళ్లు ప్రెస్‌కి వెళ్లాలి. నేను శనివారం రాత్రి తొమ్మిదింటికి షాపు కట్టేశాక కూర్చున్నాను. "గంట పని బాబాయ్, నువ్వు ఇంటికెళ్లి అన్నం తిను" అన్నాను.

క్యాబినెట్ తెరిచాను. దుమ్ము దులిపాను. దులపడం కోసం గ్రాఫిక్స్ కార్డు తీసి మళ్లీ పెట్టాను. ప్రాసెసర్ మార్చాను. ర్యామ్ మార్చాను. అన్నీ ఒకే ఊపులో. స్విచ్ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి. మానిటర్ మీద మాత్రం "నో సిగ్నల్".

కేబుల్ చూశాను. కరెక్టే. గ్రాఫిక్స్ కార్డు తీసి గట్టిగా పెట్టాను. ఏమీ లేదు. అప్పుడు తెలివైన పని చేస్తున్నాననుకుని, కొత్త ప్రాసెసర్ తీసేసి పాతది పెట్టాను. పాత ప్రాసెసర్‌తో డిస్‌ప్లే వస్తే తప్పు కొత్తదానిది అని తెలిసిపోతుంది కదా. స్విచ్ నొక్కాను. మళ్లీ "నో సిగ్నల్".

అక్కడ నా గుండె జారింది. నా లెక్క ఏంటంటే, సాయంత్రం దాకా పనిచేసిన ప్రాసెసర్ ఇప్పుడు పని చేయట్లేదు, అంటే నేను బోర్డు పాడుచేశాను. రాత్రి ఒంటిగంట అయింది. ఆ హార్డ్ డిస్కులో పదేళ్ల పైబడిన కార్డు డిజైన్లు, కస్టమర్ల ఫైళ్లు. వేరే కాపీ లేదు. అది కూడా నా తప్పే, ఎప్పుడూ పెట్టించలేదు.

ఆదివారం పొద్దున తెలిసిన హార్డ్‌వేర్ అతన్ని పిలిచాం. వచ్చాడు, స్విచ్ నొక్కాడు, ఫ్యాన్లు చూశాడు, రెండు నిమిషాల్లో చెప్పేశాడు. "బోర్డు పోయిందండి. ఆరున్నర వేలవుద్ది. అదీ ఆర్డర్ పెడితే మంగళవారం వస్తుంది." అతన్ని నేను తప్పు పట్టను. రాత్రంతా నేను కూడా అదే అనుకున్నాను కదా. బాబాయి ఒక్క మాట కూడా అనలేదు. డ్రాయర్ తెరిచి డబ్బులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తిట్టినా బాగుండేది.

లెక్కపెడుతూ మధ్యలో ఆగి నన్ను అడిగాడు. "ఒరేయ్, నువ్వు రాత్రి మార్చినవన్నీ పాతవాటికి మార్చి చూశావా?"

"ప్రాసెసర్ మార్చాను బాబాయ్."

"అన్నీనా అని అడుగుతున్నా."

అన్నీ కాదు. కొత్త ర్యామ్ అలాగే ఉంది. ర్యామ్ పెట్టడం చిన్న పని కదా, అందులో తప్పు ఏముంటుందిలే అని దాన్ని ముట్టుకోనే లేదు.

బాబాయి అన్నాడు: "మిషన్ దగ్గర ప్రింటు మరకలు పడితే మేం ఇంకూ పేపరూ రెండూ ఒకేసారి మార్చం. మారిస్తే దేనివల్ల బాగైందో, దేనివల్ల పాడైందో తెలీదు. ఒకటి మార్చి ఒక షీటు తీస్తాం."

నేను రోజూ ఆఫీసులో చేసే పని ఇదే ఫ్రెండ్స్. కోడ్ మార్చాక ఏదన్నా పగిలితే, మొదట పాత వెర్షన్‌కి పూర్తిగా వెనక్కి వెళ్తాం. సగం వెనక్కి వెళ్లం. ఒక్కొక్క మార్పు మళ్లీ పెట్టుకుంటూ వస్తాం. జూనియర్స్‌కి నేనే చెప్తాను ఈ మాట. స్క్రూడ్రైవర్ చేతికి రాగానే మర్చిపోయాను.

సరే, పాత ప్రాసెసర్, పాత ర్యామ్ ఒకటే స్టిక్, పాత స్లాటులోనే పెట్టాను. స్విచ్ నొక్కాను. డిస్‌ప్లే వచ్చింది. బోర్డుకి ఏమీ కాలేదు.

అసలు జరిగింది ఏంటంటే, ఒకటి కాదు, రెండు తప్పులు ఒకేసారి ఉన్నాయి. మొదటిది, బోర్డులో బయోస్ 2018 నాటిది. రైజెన్ 5000 సిరీస్ మార్కెట్లోకి వచ్చిందే 2020 నవంబర్లో, ఈ 5600 అయితే 2022 ఏప్రిల్లో. 2018 బయోస్‌కి 2022 ప్రాసెసర్ ఎవరో ఎలా తెలుస్తుంది? రెండోది, కొత్త ర్యామ్ స్టిక్కుల్లో ఒకటి పూర్తిగా దిగలేదు. నేను ప్రాసెసర్ ఒక్కటే పాతది పెట్టినప్పుడు మొదటి తప్పు పోయింది, రెండోది ఉంది. అందుకే డిస్‌ప్లే రాలేదు. ఆ పరీక్ష నాకు అబద్ధం చెప్పింది. అబద్ధం చెప్పేలా చేసింది నేనే.

సో, ఈ వీడియో నుంచి ఒక్కటే గుర్తుపెట్టుకోమంటే ఇదే గుర్తుపెట్టుకోండి. అప్‌గ్రేడ్ చేశాక ఆన్ కాకపోతే, మీరు మార్చినవి అన్నీ వెనక్కి మార్చి చూడండి. ఒకటి రెండు కాదు, అన్నీ. పాతవాటితో ఆన్ అయితే బోర్డు బాగున్నట్టే. ఆ తర్వాత ఒక్కొక్కటి మార్చండి, మార్చిన ప్రతిసారీ ఆన్ చేసి చూడండి.

ఇప్పుడు మీ కంప్యూటర్ సంగతికి వద్దాం. "ఆన్ కావట్లేదు" అనేది నాలుగు రకాలు. మీది ఏ రకమో ముందు తేల్చుకోండి, సగం పని అయిపోతుంది.

దానికంటే ముందు రెండు జాగ్రత్తలు. చేయి లోపల పెట్టే ప్రతిసారీ పవర్ కేబుల్ వెనకనుంచి పీకేయండి, తర్వాత క్యాబినెట్ పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కి పట్టుకోండి. మిగిలిన కరెంటు దిగిపోతుంది. పార్టులు ముట్టుకునే ముందు రంగు లేని ఇనుము భాగాన్ని ఒకసారి ముట్టుకోండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది. ఇక ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవొద్దు. కేబుల్ పీకేసినా దాని లోపలి కెపాసిటర్లలో ఛార్జ్ నిలిచి ఉంటుంది. ప్రాణాల మీదకి వస్తుంది.

ఇంకోటి, మీ చేతిలో ఫోన్ ఉంది కదా, అదే మీ మొదటి టూల్. ఏ వైరు పీకే ముందైనా ఒక ఫొటో తీయండి. మీ బోర్డు మోడల్ పేరు బోర్డు మీదే పెద్ద అక్షరాల్లో ఉంటుంది, దాని మాన్యువల్ పీడీఎఫ్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. స్లాట్లు, పిన్నులు, లైట్లు అన్నీ బొమ్మలతో ఉంటాయి.

మొదటి రకం. అసలు ప్రాణమే లేదు. ఫ్యాన్ లేదు, లైట్ లేదు, చప్పుడు లేదు. నవ్వకండి, మొదట ఎస్‌ఎమ్‌పీఎస్ వెనక చిన్న స్విచ్ చూడండి. సున్నా వైపు ఉంటే ఆఫ్, గీత వైపు ఉంటే ఆన్. పని మొదలుపెట్టే ముందు మనమే ఆఫ్ చేసి మర్చిపోతాం. తర్వాత బోర్డుకి వచ్చే పెద్ద 24 పిన్నుల కనెక్టర్. అది క్లిప్ పడేదాకా నొక్కాలి. పైకి దిగినట్టే కనిపిస్తుంది, ఒక మూల లేచి ఉంటుంది. మూడోది, క్యాబినెట్ పవర్ బటన్ నుంచి వచ్చే సన్నటి వైరు. లోపల చేయి తిప్పుతుంటే అది ఊడిపోవడం చాలా మామూలు. మాన్యువల్‌లో పవర్ స్విచ్ పిన్నులు ఏవో చూసి మళ్లీ పెట్టండి. బటన్ మీదే అనుమానం ఉంటే, ఆ రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. ఆన్ అయితే బటన్‌దో వైరుదో తప్పు. కరెక్ట్ పిన్నులేనని మాన్యువల్‌లో రెండుసార్లు చూసుకున్నాకే చేయండి.

రెండో రకం. ఫ్యాన్లు ఒక్క సెకను తిరిగి ఆగిపోతాయి, లేదా ఆగి మళ్లీ మొదలవుతూ ఉంటాయి. ఎక్కడో షార్ట్ అవుతోంది, లేదా పవర్ సరిపోవట్లేదు, లేదా బోర్డు ఏదో పార్టుని గుర్తుపట్టలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది. బోర్డు మొత్తం విప్పి మళ్లీ బిగించినవాళ్లయితే, దాని కింద ఉండే చిన్న ఇత్తడి స్టాండ్‌లు చూడండి. బోర్డుకి రంధ్రం లేని చోట స్టాండ్ ఉంటే అది వెనకవైపు తగిలి షార్ట్ చేస్తుంది. లోపల పడిపోయిన స్క్రూ అయినా అంతే. కొత్త గ్రాఫిక్స్ కార్డు వేసినవాళ్లు, దానికి విడిగా పవర్ కేబుల్ కావాలేమో చూడండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటి ఉంది. ప్రాసెసర్‌కి ఇచ్చే 8 పిన్నుల కేబుల్, గ్రాఫిక్స్ కార్డుకి ఇచ్చే 8 పిన్నుల కేబుల్ చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి, కానీ వేరు వేరు. ప్రాసెసర్‌ది మామూలుగా నాలుగు, నాలుగుగా విడిపోతుంది. గ్రాఫిక్స్ కార్డుది ఆరు, రెండుగా విడిపోతుంది. ఒకటి ఇంకోదాంట్లో పట్టకపోతే బలవంతంగా దూర్చకండి. పట్టట్లేదంటే అది దానిది కాదు అని అర్థం.

ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చినవాళ్లకి ఇంకో మాట. కేబుళ్లు ఊడదీసే మాడ్యులర్ రకం అయితే, పాత దాని కేబుళ్లు కొత్తదానికి వాడొద్దు. కనెక్టర్ ఒకేలా ఉన్నా, ఎస్‌ఎమ్‌పీఎస్ వైపు ఏ పిన్నులో ఏ వోల్టేజ్ వస్తుందనేది కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి మారిపోతుంది. హార్డ్ డిస్కులు కాలిపోతాయి. డేటా కూడా దాంతోపాటే పోతుంది.

మూడో రకం. మీ మెసేజ్‌ల్లో ఎక్కువ ఇదే. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే లేదు. నాకు జరిగింది కూడా ఇదే. ఇందులో వరసగా వెళ్దాం.

ఒకటి, మానిటర్ కేబుల్. గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ కార్డుకి పెట్టాలి, బోర్డుకి కాదు. గ్రాఫిక్స్ కార్డు తీసేసి బోర్డుకి పెట్టి చూద్దాం అనుకుంటున్నారా? మీ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటేనే అది పనిచేస్తుంది. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ లేదు. ఏఎమ్4 రైజెన్‌లలో పేరు చివర జీ ఉన్నవాటిలోనే మామూలుగా గ్రాఫిక్స్ ఉంటుంది. 5600లో లేదు, 5600జీలో ఉంది. ఒక్క అక్షరం తేడా.

రెండు, ర్యామ్. స్టిక్ తీసి, స్లాటులో మధ్య గాడి సరిచూసుకుని, రెండు చివరలా సమానంగా నొక్కండి. టక్ మని వినపడాలి. కొన్ని బోర్డుల్లో ఒకవైపే లాక్ ఉంటుంది, రెండోవైపు కదలదు. నేను మోసపోయింది అక్కడే. లాక్ ఉన్నవైపు టక్ మంది, అవతలివైపు ఒక మిల్లీమీటరు పైకి ఉంది. పక్కనుంచి ఫోన్ టార్చ్ వేసి చూస్తే బంగారు రంగు గీత బయటికి కనపడింది. ఇక నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు స్టిక్కులే ఉంటే, ఎక్కువ బోర్డుల్లో ప్రాసెసర్ వైపునుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. పరీక్ష చేసేటప్పుడు మాత్రం ఒక్క స్టిక్‌తోనే చేయండి. అది రాకపోతే రెండో స్టిక్, అదే స్లాటులో.

డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త కంప్యూటర్ అయితే కొంచెం ఓపిక పట్టండి. ర్యామ్ మార్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ఆ ర్యామ్‌ని పరీక్షించి సెట్ చేసుకుంటుంది. స్క్రీన్ నల్లగానే ఉంటుంది. కొన్ని నిమిషాలు పట్టొచ్చు. కంగారుపడి మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటినుంచి చేస్తుంది. ఆన్ చేసి, వెళ్లి కాఫీ పెట్టుకుని రండి.

మూడు, బోర్డు మీద లైట్లు. చాలా కొత్త బోర్డుల్లో సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఆన్ చేయగానే ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరిపోవాలి. ఏది వెలిగి ఆగిపోయిందో సమస్య అక్కడుంది. బీ450 లాంటి వాటిల్లో కూడా కొన్నిట్లో ఉంటాయి. మా బాబాయి బోర్డులో లేవు.

నాలుగు, సీమాస్ క్లియర్ చేయడం. బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి సెల్ ఉంటుంది, సీఆర్2032. పవర్ కేబుల్ పీకేసి, ఆ సెల్ తీసి, ఐదు నిమిషాలాగి మళ్లీ పెట్టండి. పాత పార్టుల కోసం దాచుకున్న సెట్టింగులు పోతాయి. పాత సెట్టింగులే కొత్త పార్టుకి అడ్డుపడుతుంటే దీంతో సరిపోతుంది. డేటా ఏమీ పోదు. కానీ దీనికి, ప్రాసెసర్ మార్పుకి ముందు ఒక చిన్న జాగ్రత్త ఉంది, చివర్లో చెప్తాను.

ఐదు, బయోస్. ప్రాసెసర్ మార్చినవాళ్లు ఇది బాగా వినండి. సాకెట్‌లో కూర్చున్నంత మాత్రాన ప్రాసెసర్ పనిచేస్తుందని లేదు. బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ పేజీలో సపోర్ట్ లిస్ట్ ఉంటుంది. అందులో మీ ప్రాసెసర్ పేరు, దానికి ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో ఉంటుంది. కొనేముందే చూడాలి. నేను చూడలేదు, అందుకే చెప్తున్నాను. ఇంటెల్‌లోనూ ఇదే కథ. ఎల్‌జీఏ 1700 సాకెట్ ఉన్న 600 సిరీస్ బోర్డులు 12వ జనరేషన్‌తో వచ్చాయి. అందులో 13వ జనరేషన్ ప్రాసెసర్ పెట్టాలంటే బయోస్ అప్‌డేట్ ఉండాలి. అంతకుముందు ఎల్‌జీఏ 1151 అయితే ఇంకా దారుణం. సాకెట్ పేరు ఒకటే, కానీ 100, 200 సిరీస్ బోర్డులకి 8వ జనరేషన్ సపోర్టే ఇవ్వలేదు.

అప్‌డేట్ ఎలా? పాత ప్రాసెసర్ ఉంటే అది పెట్టి, ఆన్ చేసి, బయోస్ అప్‌డేట్ చేసి, ఆ తర్వాత కొత్తది పెట్టడం అన్నిటికంటే తేలిక. అందుకే పాత ప్రాసెసర్‌ని అప్పుడే అమ్మేయకండి. కొత్తది ఒక వారం నడిచాక అమ్ముకోండి. పాతది లేకపోతే, బోర్డు వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందేమో చూడండి. అది ఉంటే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించొచ్చు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండాలి, ఫైల్ పేరు మాన్యువల్‌లో చెప్పినట్టే మార్చాలి, గుర్తుపెట్టిన పోర్టులోనే పెట్టాలి. కంప్యూటర్ పడకేసింది కదా, ఫైల్ ఎలా అంటారా? ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి, జిప్ విప్పి, ఓటీజీ పెట్టి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయొచ్చు.

బయోస్ ఎక్కుతుండగా కరెంటు పోతే మాత్రం అప్పుడు నిజంగానే బోర్డు పోయే ప్రమాదం ఉంది. కాబట్టి యూపీఎస్ మీద పెట్టే చేయండి. యూపీఎస్ లేకపోతే, ఉన్నవాళ్ల ఇంటికి మోసుకెళ్లి చేయండి. గాలివాన పడుతున్న సాయంత్రం మాత్రం అస్సలు మొదలుపెట్టొద్దు.

ప్రాసెసర్ తీసేటప్పుడు ఇంకో మాట. ఏఎమ్4 ప్రాసెసర్లకి కాళ్లు, అంటే పిన్నులు, ప్రాసెసర్‌కే ఉంటాయి. పాత థర్మల్ పేస్ట్ ఎండిపోయి కూలర్‌కి అంటుకుపోతుంది. కూలర్‌ని నిట్టనిలువునా లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోనుంచి ఊడి దాంతోపాటే వస్తుంది, పిన్నులు వంగిపోతాయి. అందుకే తీసేముందు కంప్యూటర్ ఒక పది నిమిషాలు నడిపి, పేస్ట్ వేడెక్కాక ఆపి, కేబుల్ పీకి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి. కొత్త ఇంటెల్ వాటిల్లో పిన్నులు సాకెట్‌లో ఉంటాయి. అక్కడ వేలు కూడా తగలనివ్వకూడదు.

ఇన్ని చేసినా రాకపోతే, తక్కువలో తక్కువ పార్టులతో ఆన్ చేయండి. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, అవసరమైతేనే గ్రాఫిక్స్ కార్డు, అంతే. హార్డ్ డిస్కులు, యూఎస్‌బీలు, అన్నీ పీకేయండి. వస్తే ఒక్కొక్కటీ కలుపుకుంటూ రండి. ఎక్కడ ఆగితే దొంగ అక్కడే ఉన్నాడు.

నాలుగో రకం. డిస్‌ప్లే వస్తుంది, విండోస్ రాదు. ఇది విని సంతోషపడండి, బోర్డు బాగానే ఉందని అర్థం. హార్డ్ డిస్క్ కేబుల్ ఊడిందేమో చూడండి. బయోస్‌లోకి వెళ్లి బూట్ ఆర్డర్‌లో మీ విండోస్ ఉన్న డిస్క్ మొదట ఉందో లేదో చూడండి. కొత్తగా ఎమ్ డాట్ 2 ఎస్‌ఎస్‌డీ వేసినవాళ్లకి ఒక ట్విస్ట్ ఉంది. చాలా బోర్డుల్లో ఆ స్లాటులో ఎస్‌ఎస్‌డీ పెడితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం ఆగిపోతాయి. మీ పాత డిస్క్ సరిగ్గా ఆ పోర్టులోనే ఉంటే, అది చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. కేబుల్ వేరే పోర్టుకి మార్చండి చాలు.

ఇందాక చెప్తానన్న జాగ్రత్త ఇదే. విండోస్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, ప్రాసెసర్ మార్చాక 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. కొన్ని లాప్‌టాప్‌ల్లో, కంప్యూటర్లలో అది ఆన్‌లో ఉందని మనకే తెలియదు. మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ సేవ్ అయి ఉంటుంది. విప్పకముందే అది ఫోన్‌లోనుంచి ఓపెన్ చేసి చూసుకోండి, ఎక్కడైనా రాసిపెట్టుకోండి. ప్రాసెసర్ మార్చేముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేస్తే ఇంకా మంచిది. రైజెన్ మార్చినప్పుడు నల్ల స్క్రీన్ మీద కొత్త ప్రాసెసర్ వచ్చింది, ఎఫ్‌టీపీఎమ్ రీసెట్ చేయాలా, వై నొక్కాలా ఎన్ నొక్కాలా అని అడుగుతుంది. అది ఎర్రర్ కాదు. బిట్‌లాకర్ లేకపోయినా, కీ మీ చేతిలో ఉన్నా వై నొక్కండి. కీ లేకపోతే వై నొక్కొద్దు. పాత ప్రాసెసర్ మళ్లీ పెట్టి, కీ తీసుకుని, అప్పుడు రండి.

ఇంతకీ ఆ ఆదివారం ఏమైంది? పాత పార్టులతో డిస్‌ప్లే రాగానే, నేను చేసిన మొదటి పని అప్‌గ్రేడ్ కాదు. పక్క వీధిలో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి కొని, బాబాయి ఫైళ్లన్నీ కాపీ పెట్టాను. తర్వాత యూపీఎస్ మీద బయోస్ అప్‌డేట్ చేశాను. పాత ప్రాసెసర్‌తోనే ఒకసారి ఆన్ చేసి చూశాను. వచ్చింది. కొత్త ప్రాసెసర్ పెట్టాను, ర్యామ్ పాతదే. వచ్చింది. తర్వాత కొత్త ర్యామ్ ఒక స్టిక్. వచ్చింది. రెండో స్టిక్, ఈసారి టార్చ్ వేసి చూసి మరీ నొక్కాను. వచ్చింది. ప్రతిసారీ బాబాయి పక్కన నిలబడి "ఒక షీటు తీశావా?" అనేవాడు. ఆదివారం సాయంత్రానికి మూడు పెళ్లి కార్డులూ అదే కంప్యూటర్ మీద పూర్తయ్యాయి. సోమవారం పొద్దున ప్రెస్‌కి వెళ్లాయి.

హార్డ్‌వేర్ అతనికి ఫోన్ చేసి చెప్పాను, బోర్డు బాగానే ఉందని. అతను కూడా ఏ బయోస్ అని అడిగి తెలుసుకున్నాడు. మంచిదే కదా, ఇంకొకరికి పనికొస్తుంది.

బోర్డులు పోవని నేను చెప్పట్లేదు. పోతాయి. కాలిన వాసన వస్తే, కెపాసిటర్ ఉబ్బితే, పాత పార్టులన్నీ పాత స్లాట్లలోనే పెట్టి, తెలిసిన వాళ్ల దగ్గర ఇంకో ఎస్‌ఎమ్‌పీఎస్ తెచ్చి పెట్టినా ప్రాణం రాకపోతే, అప్పుడు బోర్డుని అనుమానించండి. అది చివరి అనుమానం. మనం దాన్ని మొదటిదిగా పెట్టుకుంటాం, ఎందుకంటే ఆ మాట అంటే ఇక వెతకక్కర్లేదు. డబ్బులు పెడితే చాలు.

షాపులో ఎవరైనా "బోర్డు పోయింది" అంటే గొడవపడక్కర్లేదు. మర్యాదగా ఒక్కటి అడగండి. "అన్నా, పాత పార్టులన్నీ పెట్టి చూశావా?" ఆ ఒక్క ప్రశ్న మా బాబాయికి ఆరున్నర వేలు మిగిల్చింది.

మీలో ఎవరైనా ఇప్పుడు ఇదే సమస్యలో ఉంటే కామెంట్‌లో నాలుగు విషయాలు రాయండి. బోర్డు మోడల్, పాత పార్టు ఏంటి, కొత్త పార్టు ఏంటి, నేను చెప్పిన నాలుగు రకాల్లో మీది ఏది. "ఆన్ కావట్లేదు బ్రో" అని మాత్రం రాయకండి, దాంతో నేనూ ఏమీ చెప్పలేను. ఇంకా పార్టులు కొనని వాళ్లు, ఈరోజే సపోర్ట్ లిస్ట్ చూసుకోండి, డేటా కాపీ పెట్టుకోండి, అర్జెంట్ పని లేని రోజు చూసుకుని మొదలుపెట్టండి. ఆషాఢం చివరి వారం మాత్రం వద్దు.

ఉంటాను మరి. వచ్చే వీడియోలో కలుద్దాం. నమస్తే.